కనిపించకపోతే పోయినట్టేనా?

మన ఇళ్లలో జబ్బులకీ హోదాలున్నాయండీ. షుగరు, బీపీ, థైరాయిడ్ అయితే పెళ్లి భోజనాల దగ్గర కూడా హాయిగా చెప్పుకుంటాం. "నాకు స్వీటు వద్దమ్మా, షుగరు" అనడంలో కాస్త పెద్దరికం కూడా ఉంటుంది. కొన్ని జబ్బులకి మాత్రం పేరే ఉండదు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి "ఆ జబ్బు" అంటాం. ఈరోజు రాయబోయేది దాని గురించే. హెచ్.ఐ.వి. గురించి.

అది ఎలా వస్తుందో, ఎలా రాదో గోడల మీద రాతలు చదివీ, టీవీలో చూసీ మనందరికీ ఎంతో కొంత తెలుసు. నేను చెప్పాలనుకున్నది వేరే. ఆ వైరస్ ఒంట్లో చేరాక ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా ఉండగలదు. ఆ చప్పుడు లేని ఏళ్లకి ఇంట్లోవాళ్లు తలా ఒక అర్థం చెప్తారు. ఆ అర్థాలతో ఒక్కోసారి జబ్బుకంటే ఎక్కువ నష్టం జరుగుతుంది. మా అక్క జీవితంలో రెండుసార్లు అలాంటి సందర్భం వచ్చింది.

అక్క అంటే మా పెద్దమ్మ కూతురు. కోస్తాలో ఒక చిన్న టౌను. ఇది రాసి ముందు ఆవిడకే చదివి వినిపించాను. "ఊరూ పేరూ తప్ప అన్నీ రాయవే. ఇంకో ఆడదానికి పనికొస్తే చాలు" అంది.

అక్క పెళ్లి 1997లో అయింది. బావగారు ఎరువుల కొట్టులో గుమాస్తా. మాటా నెమ్మదే, మనిషీ నెమ్మదే. 1999లో అమ్మాయి పుట్టింది. 2004 చివర్లో ఆయనకి దగ్గు పట్టుకుంది. క్షయ అన్నారు. మందులు వాడితే తగ్గినట్టే తగ్గి తిరగబెట్టింది. మనిషి సగమయ్యాక ఒక డాక్టరు గారు అనుమానించి రక్తపరీక్ష రాశారు. అప్పట్లో దేశంలో హెచ్.ఐ.వి. ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. ప్రభుత్వం ఉచితంగా మందులివ్వడం 2004 ఏప్రిల్‌లోనే మొదలైంది కానీ, ఆ మందులిచ్చే చోటికి బావగారిని చేర్చేలోపే, 2005 ఎండాకాలంలో ఆయన పోయారు.

ఆ నెలలోనే అక్కకీ పాపకీ పరీక్ష చేశారు. పాపకి లేదు. అక్కకి ఉంది.

పాపకి ఎలా రాలేదని అందరూ ఆశ్చర్యపోయారు. నిజానికి తల్లికి ఉన్నంత మాత్రాన బిడ్డకి వచ్చి తీరాలని లేదు. మందులేవీ వాడకపోతే, పాలివ్వడం కూడా కలుపుకుని, నూటికి 15 నుంచి 45 మంది పిల్లలకి వస్తుంది. అంటే సగానికి పైగా పిల్లలకి రాదు. ఇప్పుడైతే గర్భంలో ఉండగానే తల్లికి మందులు మొదలుపెడితే ఆ సంఖ్యని 5 కంటే కిందకి దించొచ్చు.

అసలు గొడవ అక్క ఆరోగ్యంతో వచ్చింది. ఆవిడకి దగ్గు లేదు, జ్వరం లేదు, బరువు తగ్గలేదు. బిందెలతో నీళ్లు మోసుకుంటూ ఎప్పట్లాగే ఉంది. అది అత్తగారి కళ్లకి ఇంకోలా కనపడింది. "మా వాడు ఏడాది తిరక్కుండా పోయాడు. దీనికి చూడండి, తుమ్మైనా లేదు. ఇదే తెచ్చి ఉంటుంది. పాతది గనకే దీనికి అలవాటైపోయింది" అని నలుగురిలో అనేసింది. కొడుకు పోయిన తల్లి, ఏదో దుఃఖంలో అంది అనుకుందామంటే, ఆ మాట అక్కడితో ఆగలేదు. మరుదులు అందుకున్నారు. పొలంలో వాటా మాటకొచ్చేసరికి ఆ మాటే పెద్ద ఆధారమైపోయింది. అక్క ఒక సూట్‌కేసు, కుట్టుమిషను, ఆరేళ్ల పాపతో పెద్దమ్మ ఇంటికి వచ్చేసింది.

ఆ మాట ఎంత అబద్ధమో తెలియాలంటే ఈ వైరస్ ఒంట్లో ఎలా నడుస్తుందో కాస్త తెలియాలి. నేను డాక్టర్ని కాదు. అక్కకి తోడుగా ఏఆర్‌టీ సెంటర్‌కి వెళ్లిన ప్రతిసారీ అక్కడి కౌన్సెలరమ్మని అడిగీ, ఇంటికొచ్చి చదివీ తెలుసుకున్నదే చెప్తున్నాను.

వైరస్ చేరిన రెండు నుంచి నాలుగు వారాల్లో కొందరికి జ్వరం, గొంతునొప్పి, ఒంటిమీద దద్దురు వస్తాయి. వైరల్ ఫీవరనుకుని ఒక పారాసెటమాల్ వేసుకుని మర్చిపోతాం. ఆ తర్వాత ఇక ఏమీ ఉండదు. మందు వాడకపోతే ఈ "ఏమీ ఉండని" కాలం సగటున 8 నుంచి 10 ఏళ్లు. కొందరికి రెండు మూడేళ్లకే జబ్బు ముదిరిపోతుంది. కొందరు పదిహేనేళ్లు దాటినా మామూలుగానే తిరుగుతారు.

ఏమీ లేదంటే బయటికి లేదని. లోపల సంగతి వేరు. మధ్యాహ్నం మూడింటికి వీధిలోంచి చూస్తే మన ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉంటుంది! లోపల మనం రేపటి ఇడ్లీకి రుబ్బుతూ, ఆరిన బట్టలు మడతపెడుతూ, పాలవాడి లెక్క చూస్తూ క్షణం తీరిక లేకుండా ఉంటాం. "ఇంట్లో ఏం పనుంటుంది?" అనేవాళ్లకి అది కనపడదు. ఈ వైరస్ సంగతీ అంతే. చాలాకాలం డాక్టర్లు కూడా ఈ నిశ్శబ్ద కాలంలో అది నిద్రపోతుందనే అనుకున్నారట. 1995లో అమెరికాలో డేవిడ్ హో బృందం, జార్జ్ షా బృందం విడివిడిగా లెక్కగట్టి చూస్తే, ఆ ఏళ్లలో కూడా రోజుకి వందల కోట్ల వైరస్‌లు పుడుతున్నాయని తేలింది. మన రక్షణ కణాలు చస్తుంటాయి, ఒళ్లు మళ్లీ కొత్తవి తయారుచేస్తుంటుంది. ఆ పోటీలో ఒళ్లు నిలదొక్కుకున్నన్నాళ్లూ పైకి ఏమీ తెలియదు. ఆ కణాలనే సీడీ4 కణాలంటారు. మామూలుగా 500 నుంచి 1500 దాకా ఉంటాయి. 200 కంటే తగ్గితే దాన్ని ఎయిడ్స్ దశ అంటారు. క్షయలాంటివి అప్పుడు మరీ సులువుగా మీదపడతాయి.

మరి ఒకరికి మూడేళ్లు, ఒకరికి పదిహేనేళ్లు ఎందుకు? కొంత పుట్టుకతో వచ్చిన జన్యువుల వల్ల. కొన్ని రకాల జన్యువులున్నవాళ్ల ఒళ్లు ఈ వైరస్‌ని బాగా పసిగడుతుంది. కొంత ఆ చేరిన వైరస్ బలాన్ని బట్టి. ఆస్ట్రేలియాలో సిడ్నీలో ఒక విచిత్రం జరిగింది. 1980ల మొదట్లో ఒకే దాత రక్తం ఎక్కించుకున్న కొందరికి హెచ్.ఐ.వి. వచ్చింది. ఏళ్లు గడిచినా వాళ్లకి జబ్బు ముదరలేదు. పరీక్షిస్తే ఆ వైరస్‌లో నెఫ్ అనే జన్యువులో ఒక ముక్క లేదు. అంటే వాళ్లకి చేరిందే బలహీనమైన వైరస్. అయినా చాలా ఏళ్ల తర్వాత ఆ దాతతో సహా కొందరిలో రక్షణ కణాలు తగ్గడం మొదలైంది. నెమ్మదిగా నడిచిందే కానీ నడక ఆపలేదు.

ఇంక వయసు, తిండి, అప్పటికే ఉన్న క్షయ లాంటి జబ్బులు కూడా కలుస్తాయి. కాబట్టి ఎవరు ముందు మంచాన పడ్డారు అన్నదాన్ని బట్టి ఎవరికి ముందు వచ్చిందో చెప్పడం కుదరని పని. ముందొచ్చినవాళ్లు తర్వాత జబ్బుపడొచ్చు, తర్వాత వచ్చినవాళ్లు ముందు పోవచ్చు. ఊళ్లో చేసే రక్తపరీక్ష ఉందో లేదో చెప్తుంది. ఎప్పుడొచ్చింది, ఎవరి నుంచి వచ్చింది అన్నది ఆ కాగితంలో ఉండదు. అక్క ఆరోగ్యంగా ఉండటం ఆవిడ ఒంటి అదృష్టం. దాన్ని నేరానికి సాక్ష్యం చేశారు. ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. బిడ్డ కడుపులో పడ్డాక మనకి పరీక్ష చేస్తారు గనక చాలా ఇళ్లలో ముందు బయటపడేది కోడలి రిపోర్టే. ముందు బయటపడింది కాబట్టి ముందు వచ్చిందీ ఆమెకే అని తీర్పు.

అక్క రక్షణ కణాలు అప్పుడు 740. మందులు 200 కంటే తగ్గినవాళ్లకే ఇచ్చేవారు. "మీకిప్పుడు మందు అక్కర్లేదు, ఆరు నెలలకోసారి వచ్చి పరీక్ష చేయించుకోండి" అన్నారు. అలా పన్నెండేళ్లు. ఆ కాగితాలన్నీ అక్క ఒక బ్లౌజు ముక్కలో చుట్టి దాచింది. 740, 690, 705, 620... ఒకసారి పెరిగి, రెండుసార్లు తగ్గి, మొత్తానికి కిందికే. పరీక్షకి వెళ్లే ముందురోజు ఆవిడ కుట్టిన జాకెట్లకి తప్పకుండా ఏదో ఒకటి బిగుతయ్యేది. ఏమీ లేకుండా ఉండటం కూడా ఒక భారమేనని నాకు ఆవిణ్ణి చూశాకే తెలిసింది. ఎప్పుడు మొదలవుతుందో తెలియని దానికోసం ఎదురుచూడటం కదా.

ఈలోగా మందు మొదలుపెట్టే గీతని డాక్టర్లు 200 నుంచి పైకి జరుపుతూ వచ్చారు. కణాలు బాగా ఉన్నప్పుడే మొదలుపెడితే మేలని పరిశోధనల్లో తేలింది. 2017లో మన దేశంలో సంఖ్య ఎంతున్నా సరే, హెచ్.ఐ.వి. ఉన్న ప్రతివాళ్లకీ మందివ్వాలని నిర్ణయించారు. అప్పటికి అక్క కణాలు 410. ఆ ఏడే మొదలుపెట్టింది. ఇప్పుడు రోజుకి ఒకటే మాత్ర, మూడు మందులు కలిసి ఉంటాయి. వైరల్ లోడ్ పరీక్ష చేస్తే రక్తంలో వైరస్ "కనిపించలేదు" అని వచ్చింది. ఆ మరుసటేడూ అదే. ఆ తర్వాతా అదే.

రెండో చిక్కు ఇక్కడ మొదలైంది.

పోయినేడు అమ్మాయి పెళ్లి కుదిరింది. పిల్ల బ్యాంకులో ఉద్యోగం, అబ్బాయిదీ ఉద్యోగమే, మంచి సంబంధం. పెళ్లికి ఇరవై రోజుల ముందు అక్క నాతో అంది, "నేను మాత్రలు మానేద్దామనుకుంటున్నానే."

నాకు గుండె ఝల్లుమంది. ఆవిడ మాత్రం లెక్క చెప్పినట్టు చెప్పింది. "పన్నెండేళ్లు ఏ మందూ లేకుండానే ఉన్నాను కదా, ఏమైంది? ఇప్పుడేమో ఒంట్లో వైరసే కనపట్లేదని వాళ్లే రాసిచ్చారు. లేనిదానికి మందెందుకు? ఇంటినిండా చుట్టాలు. ఆ సీసా పట్టుకుంటే గలగలమంటుంది. వియ్యపురాలికి అన్నీ చూసే కళ్లు. పిల్ల కాపురం కంటే నా మాత్ర ఎక్కువా?"

చూడండి, ఇందులో పిచ్చిమాట ఒక్కటీ లేదు. వైరస్ ఉందనీ తెలుసు, మందు విలువా తెలుసు. ఉన్న సమాచారంతో ఎవరైనా ఇలాగే ఆలోచిస్తారు. లోపం "కనిపించలేదు" అనే మాట దగ్గర ఉంది.

మరునాడే ఇద్దరం కౌన్సెలరమ్మ దగ్గరికి వెళ్లాం. ఆవిడ అడిగింది, "చిన్నప్పుడు మీకు ఆటలమ్మ పోసిందా?" పోసింది. "మీ ఇంట్లో పెద్దవాళ్లెవరికైనా సర్పి వచ్చిందా?" పెద్దమ్మకి వచ్చింది, నడుము చుట్టూ, మూడు వారాలు మంటతో అల్లాడిపోయింది. "ఆ రెండూ ఒకటే వైరస్. ఆటలమ్మ తగ్గిపోయాక అది నరాల్లో దాక్కుని యాభై అరవయ్యేళ్లు పడుకుంటుంది. ఒళ్లు బలహీనపడ్డప్పుడు సర్పిగా లేస్తుంది. పడుకోవడమంటే పోవడం కాదు కదా" అంది.

హెచ్.ఐ.వి. కూడా అలా పడుకుంటుంది, ఇంకా లోతుగా. మన ఒంట్లో జ్ఞాపకం ఉంచుకునే రక్షణ కణాలుంటాయి. ఒకసారి వచ్చిన జబ్బునీ, చిన్నప్పుడు వేయించిన టీకానీ ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకునేవి అవే. అలాంటి కొన్ని కణాల్లోకి ఈ వైరస్ దూరి, ఆ కణం సొంత రాతలో తన రాత కలిపేసి ఊరుకుంటుంది. కొత్త వైరస్‌ని పుట్టించదు కాబట్టి మందు దాన్ని ముట్టుకోలేదు. మందు పనిచేసేది కొత్తగా పుట్టే వైరస్ మీద. వైరల్ లోడ్ పరీక్ష లెక్కపెట్టేది రక్తంలో తేలే వైరస్‌ని. కణాల్లో పడుకున్నదాన్ని ఆ పరీక్ష చూడనే చూడదు. విశ్రాంతిలో ఉన్న ఆ కణాలు పది లక్షల్లో ఒకదానిలో ఉంటుందట, పడుకుని మళ్లీ లేవగలిగిన వైరస్.

అంటే అక్క మందు లేకుండా గడిపిన పన్నెండేళ్ల నిశ్శబ్దం, ఇప్పటి నిశ్శబ్దం ఒకటి కావు. అప్పుడు లోపల యుద్ధం జరుగుతోంది, మనకి వినపడలేదంతే. ఇప్పుడు యుద్ధం నిజంగా ఆగింది, మాత్ర కాపలా ఉంది గనక. కాపలా తీస్తే పడుకున్నవాటిలో ఏదో ఒకటి లేస్తుంది. చాలామందిలో కొన్ని వారాల్లోనే లేస్తుంది.

మరి ఏళ్ల తరబడి మందు వాడితే ఆ పడుకున్న కణాలు వాటంతటవే చచ్చిపోవా? ఈ లెక్క వేసినవాళ్లలో అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో పనిచేసే భార్యాభర్తలున్నారు, జానెట్ సిలిసియానో, రాబర్ట్ సిలిసియానో. 2003లో వాళ్లు ప్రకటించిన ప్రకారం ఆ కణాల సంఖ్య సగం కావడానికే దాదాపు 44 నెలలు పడుతుంది. పూర్తిగా పోవాలంటే 73 ఏళ్లకు పైగా మందు వాడాలి. అందుకే "జీవితాంతం" అంటారు. భయపెట్టడానికి అనే మాట కాదది.

మిసిసిపీలో 2010లో పుట్టిన ఒక పాప కథ కూడా చదివాను. పుట్టిన 30 గంటలకే మందు మొదలుపెట్టారు. ఏడాదిన్నర తర్వాత మందు ఆగిపోయింది. అయినా రెండేళ్లకు పైగా వైరస్ కనపడలేదు. ప్రపంచమంతా నయమైపోయిందనుకుంది. 2014 జూలైలో మళ్లీ కనపడింది. అంత చిన్న ఒంట్లో, అంత త్వరగా మందిచ్చినా ఎక్కడో కొంచెం పడుకుని ఉంది.

"బాగున్నన్నాళ్లు మానేసి, కణాలు తగ్గితే మళ్లీ మొదలుపెడతాను" అని అక్క ఇంకో బేరం పెట్టింది. ఆ బేరాన్నీ పరీక్షించి చూశారు. 33 దేశాల్లో 5,472 మందితో ఒక పెద్ద అధ్యయనం జరిగింది. సగం మంది రోజూ మందు వాడారు, సగం మంది కణాలు బాగున్నప్పుడు ఆపి, తగ్గినప్పుడు మొదలుపెట్టారు. ఆపినవాళ్లలో ప్రమాదకరమైన జబ్బులు, మరణాలు రెండున్నర రెట్లు మించి కనపడటంతో 2006 జనవరిలో కొత్తవాళ్లని చేర్చుకోవడం ఆపేశారు.

మందు లేకుండానే వైరస్‌ని అణిచిపెట్టుకున్నవాళ్లు అసలు లేరా అంటే ఉన్నారు. నూటికి ఒకరికంటే తక్కువ. కాలిఫోర్నియాలో లోరీన్ విలెన్‌బర్గ్ అనే ఆవిడకి 1992లో హెచ్.ఐ.వి. బయటపడింది. మందు వాడకుండానే, 2020లో ప్రకటించిన పరిశోధనలో ఆవిడ రక్తకణాలు 150 కోట్లు వెతికినా బతికున్న వైరస్ దొరకలేదు. ఆవిడ ఒంట్లో రహస్యమేమిటో తెలిస్తే రేపు అందరికీ మందు దొరకొచ్చు. కానీ మన అక్క అలాంటి మనిషి కాదని ఆ బ్లౌజు ముక్కలోని కాగితాలే చెప్తున్నాయి. 740 నుంచి 410కి వచ్చింది. నెమ్మదిగా వచ్చింది, అంతే.

ఇంకో మాట కౌన్సెలరమ్మ నొక్కి చెప్పింది. "కనిపించలేదు" అన్నది మానేయడానికి అనుమతి కాకపోయినా, చాలా పెద్ద శుభవార్త. రోజూ మందు వాడుతూ వైరస్ కనపడని స్థితిలో నిలకడగా ఉన్నవాళ్ల నుంచి దాంపత్యంలో అవతలివాళ్లకి ఈ వైరస్ సోకదు. ఇది ఊహ కాదు, వేలమంది దంపతులని గమనించి తేల్చింది. చిన్న వయసులో ఈ జబ్బు బయటపడ్డ ఆడపిల్లలకి ఈ మాట ఎవరో ఒకరు చెప్పాలి. పెళ్లి, పిల్లలు అన్నీ వాళ్లకి ఉన్నాయి.

ఇక పెళ్లి సంగతి. చివరికి వాదన ముగించింది అమ్మాయే. "అమ్మా, పెళ్లి మూడు రోజులు, నీ మాత్ర రోజూ. ఫోన్లో అలారం పెట్టేశాను" అంది. సీసా ఇంట్లోనే ఉంచి నాలుగు రోజుల మాత్రలు చిన్న మాత్రల డబ్బాలో వేసి నాకిచ్చారు. ముహూర్తం రాత్రి 11కి. తొమ్మిదింటికి విడిదిలో అందరూ ఫలహారాల హడావిడిలో ఉండగా మంచినీళ్ల గ్లాసుతో పాటు ఇచ్చాను. వియ్యపురాలు అక్కడే ఉంది. "ఏం మాత్ర వదినగారూ?" అంది. "రోజూ వేసుకునేదే వదినగారూ" అంది అక్క. ఆవిడ తన బీపీ మాత్ర తీసి వేసుకుంది. అయిపోయింది.

చెప్పాలా వద్దా అన్నది అక్క ఇష్టం. 2017లో వచ్చి 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉన్న హెచ్.ఐ.వి. చట్టం కూడా అదే అంటుంది. మన ఒప్పుకోలు లేకుండా పరీక్ష చేయకూడదు, ఒకరి ఫలితాన్ని వాళ్ల అనుమతి లేకుండా ఇంకొకరికి చెప్పకూడదు. ఉద్యోగంలో, చదువులో, వైద్యంలో వివక్ష చూపకూడదు.

ఇది చదివే మీలో ఎవరికైనా అనుమానం ఉంటే ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ఐసీటీసీ కేంద్రాల్లో పరీక్ష ఉచితం, రహస్యంగా ఉంచుతారు. 1097కి ఫోన్ చేస్తే ఖర్చు లేకుండా సలహా చెప్తారు. ఒంట్లో బాగానే ఉంది కదా అని ఆగకండి. ఈ జబ్బులో బాగుండే కాలమే అన్నిటికంటే పొడుగు, మందు మొదలుపెట్టడానికి అన్నిటికంటే మంచిదీ అదే.

మీ చుట్టాల్లో ఎవరింట్లోనైనా ఇలాంటిది బయటపడితే, నలుగురూ చేరి "ముందు ఎవరికి వచ్చింది?" అని మొదలుపెడతారు. ఆ ప్రశ్నకి ఎవరు ముందు మంచం పట్టారన్నది జవాబు కాదని అక్కడ ఒక్కరైనా గట్టిగా చెప్పాలి. ఆ ఒక్కరు మీరైతే, ఒక ఆడది సూట్‌కేసు సర్దుకోకుండా ఆగుతుంది.